ఏర్పాటు, స్వేచ్ఛాచిత్తం: పెద్దల బైబిల్ తరగతికి ఎలా చెప్పాలి?

పటమట_చదువరి:
అందరికీ వందనాలు. విజయవాడలో మా బాప్టిస్టు సంఘంలో పెద్దల బైబిల్ తరగతికి ఈసారి దేవుని ఏర్పాటు (రక్షణకు ఎవరిని అన్నది దేవుడు ముందుగానే ఏర్పరచుకోవడం), మనిషి చిత్తం అనే అంశం ఇచ్చారు. నాలుగు ఆదివారాలు, వారానికి 45 నిమిషాలు. పాతికమంది దాకా కూర్చుంటారు. గుంటూరు వైపు లూథరన్ కుటుంబాల నుంచి కోడళ్లుగా వచ్చినవారు, పెంతెకొస్తు సంఘాల నుంచి వచ్చినవారు, ఇంటిల్లిపాదిలో తామొక్కరే నమ్ముకున్నవారు కూడా ఉన్నారు. యూట్యూబ్‌లో ప్రసంగాలు వినే కుర్రవాళ్లు "టులిప్ (ఏర్పాటును గట్టిగా బోధించే కాల్వినిస్టుల ఐదు అంశాలు) ఒప్పుకోనివాడు బాప్టిస్టే కాదు" అంటున్నారు. పెద్దలేమో "అది ప్రెస్బిటేరియన్ల బోధ, మనది స్వేచ్ఛాచిత్తం" అంటున్నారు. ఇందులో ఏది బాప్టిస్టు బోధ? ఎక్కడ మొదలుపెట్టాలి? "అంటే తలరాతే కదా" అని అడిగేవారికి ఏం చెప్పాలి?

బ్రాడీపేట_బెరయ:
వందనాలు బ్రదర్. ముందు చరిత్ర తేల్చుకోండి, సగం గొడవ అక్కడే తీరుతుంది. బాప్టిస్టులు మొదటి నుంచీ రెండు పాయలు.

మొదటి పాయ జనరల్ బాప్టిస్టులు. 1609లో ఆమ్‌స్టర్‌డామ్‌లో జాన్ స్మిత్, థామస్ హెల్విస్‌లతో మొదలైంది. 1612లో హెల్విస్ లండన్ తిరిగొచ్చి అక్కడ సంఘం పెట్టాడు. క్రీస్తు అందరి కోసం చనిపోయాడన్నది వీళ్ల బోధ, ఆ పేరు అందుకే వచ్చింది. రెండో పాయ పర్టిక్యులర్ బాప్టిస్టులు, అంటే క్రీస్తు తన ప్రజల కోసం ప్రత్యేకంగా ప్రాణం పెట్టాడని చెప్పేవారు. వీళ్లు 1630ల్లో లండన్‌లో కనిపిస్తారు. 1644లో ఏడు సంఘాలు కలిసి ఒక విశ్వాస ప్రకటన విడుదల చేశాయి. 1677లో ఇంకా విపులమైనది రాసుకున్నారు, దాన్నే 1689లో వందకు పైగా సంఘాల ప్రతినిధులు ఆమోదించారు. రక్షణ విషయంలో ప్రెస్బిటేరియన్లకు దగ్గర, శిశు బాప్తిస్మం దగ్గరా సంఘ పరిపాలన దగ్గరా మాత్రం వేరు.

కాబట్టి కుర్రవాళ్ల మాట నిలవదు, ఎందుకంటే వయసులో పెద్దది జనరల్ పాయే. పెద్దల మాటా నిలవదు. 1818లో శ్రీరాంపురం నుంచి తెలుగులో కొత్త నిబంధన అచ్చు వేయించిన విలియం కేరీ పర్టిక్యులర్ బాప్టిస్టు.

రెండు పాయలూ దెబ్బతిన్నాయని కూడా తరగతిలో చెప్పండి. 18వ శతాబ్దంలో జనరల్ సంఘాలు చాలావరకు క్రీస్తు దైవత్వాన్నే కాదనే వైపు జారిపోయాయి. డాన్ టేలర్ 1770లో విడిగా కొత్త కూటమి పెట్టాల్సి వచ్చింది. పర్టిక్యులర్ వాళ్లలో కొందరు బోధకులు "ఏర్పరచబడ్డవారిని దేవుడే పిలుచుకుంటాడు" అని, అవిశ్వాసులతో మారుమనస్సు పొందండి అని చెప్పడమే మానేశారు. 1785లో ఆండ్రూ ఫుల్లర్ దీన్ని ఎదిరించి రాసిన తర్వాతే, 1792లో కెట్టరింగ్‌లో మిషనరీ సంఘం పుట్టింది, ఆ మరుసటి ఏడు కేరీ బెంగాల్ చేరాడు. రెండు పాయలూ ఇంగ్లండులో 1891లో ఒకటయ్యాయి.

కొత్తపేట_లూకా:
బ్రదర్ చెప్పినదానికి ఒక మాట కలుపుతాను. 1689 ప్రకటన గురించి వాదించేవారిలో చాలామంది అందులో 3వ అధ్యాయం చదివి 9వది వదిలేస్తారు. మొత్తం 32 అధ్యాయాలు. 3వది దేవుని సంకల్పం గురించి, 9వది స్వేచ్ఛాచిత్తం గురించి. ఈ రెండూ పక్కపక్కన పెట్టుకుని చదవాలి.

3వ అధ్యాయం మొదటి పేరా దేవుడు జరిగేదంతా సంకల్పించాడని చెప్పి, అదే వాక్యంలో మూడు కంచెలు వేస్తుంది: దేవుడు పాపానికి కర్త కాడు, మనిషి చిత్తం మీద బలవంతం జరగదు, మధ్యలో ఉండే కారణాల స్వేచ్ఛ పోదు. "మనిషి కీలుబొమ్మ" అని కాల్వినిస్టు బాప్టిస్టుల మీద నింద వేసేవారు ఈ మూడూ చదివి వేయాలి. కాల్వినిస్టులమని చెప్పుకునేవారు ఈ మూడూ పక్కన పెట్టి మాట్లాడితే తప్పు వారిది.

ఇంకోటి. ప్రెస్బిటేరియన్ల వెస్ట్‌మిన్‌స్టర్ ప్రకటన కొందరు నిత్యమరణానికి ముందుగా నియమించబడ్డారని అంటుంది. బాప్టిస్టులు ఆ ప్రకటననే ఆధారంగా తీసుకున్నా ఆ మాట ఉంచలేదు. మిగిలినవారు తమ పాపంలో నడిచేందుకు విడిచిపెట్టబడ్డారు, న్యాయమైన శిక్ష పొందుతారు అని రాశారు. తరగతిలో "దేవుడు కొందరిని నరకానికే పుట్టించాడా" అనే ప్రశ్న తప్పకుండా లేస్తుంది, అప్పుడు ఇది చేతిలో ఉండాలి.

9వ అధ్యాయంలో ఐదు పేరాలే. మొదటిది చిత్తానికి సహజమైన స్వేచ్ఛ ఉందంటుంది. మిగతా నాలుగూ నాలుగు స్థితులు: పతనానికి, అంటే ఆదాము పాపంలో పడటానికి, ముందు మంచినీ చేయగలడు, పడిపోనూ గలడు. పతనం తర్వాత ఆత్మీయమైన మంచిని కోరుకునే శక్తి పోయింది. కృపలో ఆ శక్తి వచ్చింది కానీ పాత పాపం పోరు పెడుతూనే ఉంటుంది. మహిమలో మంచి తప్ప మరేదీ కోరుకోడు. బోర్డు మీద నాలుగు గళ్లు గీసి ఒక్కో గడికీ ఒక వచనం రాస్తే అరగంట చర్చ దానంతటదే నడుస్తుంది. వరసగా ప్రసంగి 7:29, రోమా 8:7, ఫిలిప్పీ 2:13, 1 యోహాను 3:2 సరిపోతాయి.

తెనాలి_మార్త:
లూకా అన్నయ్యా, మీరు చెప్పింది మీ వైపు నుంచి నిజాయితీగా ఉంది. రెండో వైపు కూడా అంతే బలంగా తరగతికి చేరాలి.

ఆర్మీనియన్ బోధ, అంటే స్వేచ్ఛాచిత్తం వైపు నిలిచిన డచ్చి బోధకుడు ఆర్మీనియస్ బోధ, అనగానే "మనిషి తన బలంతో దేవుని దగ్గరికి రాగలడు" అని అనుకుంటారు. అది పొరపాటు. 1610లో ఆర్మీనియస్ శిష్యులు ఇచ్చిన ఐదు అంశాల్లో మూడోది, మనిషి తనంతట తాను మంచిని ఆలోచించలేడు, తిరిగి పుట్టాలి అని చెబుతుంది. నాలుగోది, కృప లేకుండా ఏదీ జరగదు, కానీ ఆ కృపను మనిషి ఎదిరించగలడు అంటుంది. తేడా అంతా అక్కడే ఉంది. మొదట చేయి చాపేది దేవుడే, ఇద్దరికీ అందులో అనుమానం లేదు. ఆ చేయి పట్టుకోకుండా విదిలించుకోవడం సాధ్యమా కాదా అన్నదే వాదన.

వచనాలు: 1 తిమోతి 2:4, 2 పేతురు 3:9, 1 యోహాను 2:2, మత్తయి 23:37. చివరిదాన్ని ప్రత్యేకంగా చదివించండి. యెరూషలేము పిల్లలను చేర్చుకోవాలని ప్రభువు ఎన్నోసార్లు కోరాడు, వాళ్లు ఒప్పుకోలేదు. రోమా 8:29లో ముందుగా నిర్ణయించడం కంటే ముందు ముందుగా ఎరుగుట ఉంది. ఎఫెసీ 1లో ఏర్పాటు "ఆయనయందు" జరిగింది, అంటే క్రీస్తులో ఉన్న ప్రజను దేవుడు ఏర్పరచుకున్నాడు, విశ్వసించినవాడు ఆ ప్రజలో చేరతాడు.

అమెరికాలో ఫ్రీవిల్ బాప్టిస్టులు ఈ దారిలోనివారే. దక్షిణాన 1727లో పాల్ పామర్, ఉత్తరాన 1780లో బెంజమిన్ రాండల్ మొదలుపెట్టారు. రక్షణ పొందినవాడు విశ్వాసం విడిచిపెడితే తప్పిపోగలడని కూడా వీరు నమ్ముతారు.

పటమట_చదువరి:
మార్త సిస్టర్, లూకా బ్రదర్, చాలా ఉపయోగం. అయితే మా పెద్దలు స్వేచ్ఛాచిత్తం అంటూనే "ఒకసారి రక్షణ పొందితే పోదు" అని కూడా గట్టిగా చెబుతారు. ఇది ఏ పాయ?

బ్రాడీపేట_బెరయ:
మన ప్రాంతంలో ఎక్కువగా వినిపించేది అదే. సంఘం ఎక్కడ నిలబడిందో తెలుసుకోవడానికి నాలుగు ప్రశ్నలు చాలు. దేవుడు ఏర్పరచుకోవడానికి కారణం ఆయన దయాసంకల్పమేనా, లేక ముందుగా చూసిన విశ్వాసమా? క్రీస్తు అందరి కోసం ఒకే ఉద్దేశంతో మరణించాడా? తిరిగి పుట్టడం ముందా, విశ్వసించడం ముందా? నిజంగా రక్షించబడినవాడు నశిస్తాడా? నాలుగింటికీ ఒకే వైపు జవాబు వస్తే కాల్వినిస్టో ఫ్రీవిల్ బాప్టిస్టో తేలిపోతుంది. మొదటి మూడింటికి ఆర్మీనియన్ జవాబు, నాలుగోదానికి కాల్వినిస్టు జవాబు వస్తే మీ పెద్దల స్థితి. అది లోపం కాదు, చాలామంది బాప్టిస్టులు అక్కడే ఉన్నారు.

దీనికి వెనక అమెరికా బాప్టిస్టుల 1833 నాటి న్యూ హాంప్‌షైర్ ప్రకటన ఉంది. తెలుగువారి దగ్గరికి అమెరికా బాప్టిస్టులు పంపిన మొదటి మిషనరీ శామ్యూల్ డే 1836లో తెలుగు నేల మీదికి వచ్చాడు, 1840లో నెల్లూరులో స్థిరపడ్డాడు. అంటే ఆ ప్రకటన అప్పటికి ఇంకా కొత్తది. అది చిన్నది, మెత్తనిది. ఏర్పాటు దేవుని నిత్య సంకల్పమని చెబుతూనే, అది మనిషి స్వేచ్ఛతో పూర్తిగా పొసగుతుందని అంటుంది. ఎంత గొప్ప పాపికైనా రక్షణకు అడ్డం అతని సొంత భ్రష్టత్వం, అతని తిరస్కారం తప్ప మరేదీ లేదని అంటుంది. కాల్వినిస్టు సంతకం పెట్టగలడు, మెత్తటి ఆర్మీనియన్ కూడా పెట్టగలడు. సదరన్ బాప్టిస్టుల 1925 ప్రకటన దీని మీదే కట్టారు.

తరగతికి ముందు మీ సంఘ నియమావళి, ట్రస్టు డీడు తెరిచి విశ్వాస ప్రమాణం అనే భాగం చదవండి. అందులో ఏర్పాటు గురించి మాట లేకపోతే, పాస్టర్ గారిని అడిగి రెండు అభిప్రాయాలకూ చోటుందని మొదటి ఆదివారమే ప్రకటించండి. ఈ పని చేయకుండా మొదలుపెడితే మూడో వారానికి అది బోధకుడి మీద ఫిర్యాదుగా మారుతుంది.

కృష్ణలంక_ఉపదేశి:
తలరాత ప్రశ్నకు ఇంకా ఎవరూ జవాబివ్వలేదు. విజయవాడ, గుంటూరు తరగతుల్లో అన్నిటికంటే కష్టమైనది, విలువైనది ఈ ప్రశ్నే. సంఘంలో పాతికేళ్లుగా ఉన్నవారు కూడా చావు ఇంట్లో "ఆయుష్షు అంతే రాసిపెట్టి ఉంది" అంటారు, సంబంధం తప్పిపోతే "రాత" అంటారు. ఏర్పాటు బోధ వినగానే అది పాత గూట్లోకి వెళ్లి కూర్చుంటుంది.

తేడా మూడు చోట్ల చూపించాలి.

నుదుట రాసేవాడు రాసి పక్కకు తప్పుకుంటాడు, ఆ రాతకు మొర వినే చెవి ఉండదు. బైబిల్లో సంకల్పించినవాడు తండ్రి, ఆయనను పేరు పెట్టి పిలిచి అడగవచ్చు. ఎఫెసీ 1:5లో నిర్ణయం జరిగింది కుమారులుగా స్వీకరించడానికి.

రాత కర్మ ఫలం, గత జన్మల లెక్క. ఏర్పాటులో ఆ లెక్కే లేదు. రోమా 9:11లో పిల్లలు పుట్టకముందే, మేలైనా కీడైనా చేయకముందే అని ఉంది. కర్మ సిద్ధాంతం విని పెరిగినవారికి ఇది ఊరట కావాలి. "ఏ పాపం చేశానో ఈ బిడ్డ ఇలా పుట్టాడు" అని కుమిలిపోయే తల్లికి యోహాను 9:3 చదివి వినిపించండి.

మూడోది అన్నిటికంటే ముఖ్యం. రాత నమ్మేవాడికి మార్గాలు అక్కరలేదు, ఏం చేసినా చేయకపోయినా అదే జరుగుతుంది. బైబిల్లో దేవుడు గమ్యంతో పాటు దారినీ నిర్ణయిస్తాడు. 1689 ప్రకటన 3వ అధ్యాయం ఆరో పేరా ఈ మాటే చెబుతుంది. దీనికి అపొస్తలుల కార్యములు 27ను మించిన పాఠం లేదు. 22 నుంచి 24 వచనాల్లో ఓడ తప్ప ఎవరి ప్రాణమూ పోదని దేవదూత పౌలుకు మాట ఇచ్చాడు. ఓడలో ఉన్నది 276 మంది. తర్వాత నావికులు పడవ దించుకుని పారిపోబోతుంటే పౌలు శతాధిపతితో, వీళ్లు ఓడలో ఉంటేనే గాని మీరు తప్పించుకోలేరు అన్నాడు. సైనికులు తాళ్లు కోసేశారు. పౌలు అందరినీ తినమని బతిమాలాడు, తిన్నాక గోధుమలు సముద్రంలో పారబోసి ఓడ తేలిక చేశారు, ఈత వచ్చినవాళ్లు దూకారు, రానివాళ్లు పలకల మీద ఒడ్డుకు చేరారు. మాట ఇచ్చింది దేవుడు. తాడు కోసింది సైనికుడు. ఒక్కరూ పోలేదు. ఈ అధ్యాయం పూర్తిగా చదివించి, "మాట వచ్చాక పౌలు ఎందుకు ఊరుకోలేదు?" అని అడిగి మీరు మాట్లాడకుండా ఆగండి. జవాబు తరగతి నుంచే రావాలి.

తెనాలి_మార్త:
ఉపదేశి గారూ, ఈ అధ్యాయాన్ని మా వైపు వారు కూడా ఇదే విధంగా చదువుతారు, రెండు వర్గాలూ కలిసి నిలబడగల చోటు ఇది. ఒక హెచ్చరిక మాత్రం. బిడ్డను పోగొట్టుకున్న తల్లిదండ్రులు తరగతిలో ఉండవచ్చు. "శిశువుల్లో కూడా ఏర్పరచబడినవారే రక్షించబడతారట కదా" అని ఎవరో ఒకరు అనేస్తారు. 1689 ప్రకటన 10వ అధ్యాయం మూడో పేరా, శైశవంలో చనిపోయే ఏర్పరచబడిన శిశువులను క్రీస్తు ఆత్మ ద్వారా రక్షిస్తాడని చెబుతుంది. చనిపోయిన శిశువుల్లో కొందరు నశిస్తారని అక్కడ ఎక్కడా లేదు. కాల్వినిస్టు బాప్టిస్టు బోధకుడైన స్పర్జన్ కూడా శైశవంలో చనిపోయినవారంతా రక్షించబడతారనే బోధించాడు. 2 సమూయేలు 12:23 చదివి ఆపేయండి. ఆ రోజు దాని మీద చర్చ పెట్టకండి.

గుంటూరు_లూథరన్:
నేను మీ సంఘస్థుడిని కాదు, అయినా గుంటూరు మాట వచ్చింది కాబట్టి రాస్తున్నాను. లూథరన్ మిషనరీ హయ్యర్ దొర 1842లో గుంటూరు వచ్చినప్పటి నుంచి ఇక్కడ మా సంఘాలున్నాయి, మన కుటుంబాలు కలిసిపోయాయి. లూథరన్లకు ఏర్పాటు బోధ లేదని కొందరు అనుకుంటారు. ఉంది. మా విశ్వాస ప్రకటన, 1577 నాటి ఫార్ములా ఆఫ్ కాంకర్డ్, 11వ అంశం పూర్తిగా దాని గురించే. రక్షణకు ఏర్పాటు దేవుని కృప వల్లనే, మనిషిలో ఏ కారణమూ లేదు. నశించేవాడు మాత్రం తన తప్పు వల్లే నశిస్తాడు, దానికి ఏ సంకల్పమూ లేదు. క్రీస్తు అందరి కోసం మరణించాడు. విశ్వాసి పడిపోవచ్చు. ఇవన్నీ తర్కంలో ఎలా కుదురుతాయని అడిగితే, వాక్యం ఆగిన చోట ఆగుతాం. మీ తరగతిలో లూథరన్ ఇంటి కోడలు "నాకు ఏర్పాటు ఉందని నా బాప్తిస్మంలో తెలుసు" అంటే ఆమె ఏ అర్థంలో అంటోందో గ్రహించండి, వెంటనే శిశు బాప్తిస్మం వాదనలోకి దిగకండి. అది వేరే తరగతి.

కొత్తపేట_లూకా:
మంచి మాట అయ్యా, వందనాలు. ఇక నాలుగు వారాల సంగతి. టులిప్ అక్షరాలతో మొదలుపెట్టకండి బ్రదర్. ఆ ఐదు అంశాలు 1618-19లో నెదర్లాండ్స్‌లో జరిగిన డోర్ట్ మహాసభ ఆర్మీనియస్ శిష్యుల 1610 నాటి ఐదు అంశాలకు ఇచ్చిన జవాబు, ఆ పువ్వు పేరు మాత్రం 20వ శతాబ్దంలో వచ్చింది. జవాబుతో మొదలుపెడితే ప్రశ్న ఏమిటో తరగతికి తెలియదు. అందులో మూడోది, పరిమిత ప్రాయశ్చిత్తం, వినగానే సగం మంది మనసు మూసుకుంటుంది.

మొదటి వారం ఏర్పాటు మాటే ఎత్తకండి. దేవుని పరిపాలన చాలు: ఆదికాండము 50:20, యెషయా 10:5-15, కార్యములు 2:23, 4:27-28. ఒకే పనిలో రెండు ఉద్దేశాలు, ఒకటి మనుషులది, ఒకటి దేవునిది. చదవడానికి 15 నిమిషాలు, చర్చకు 20, ప్రశ్నలకు 10.

రెండో వారం చిత్తం. ఒక పక్క ద్వితీయోపదేశకాండము 30:19, యెహెజ్కేలు 33:11. ఇంకో పక్క యోహాను 6:44, 8:34. ఇక్కడ ఫుల్లర్ చూపిన భేదం తప్పక చెప్పాలి. చేతకానితనం రెండు రకాలు. కాళ్లు లేనివాడు నడవలేడు, అతన్ని ఎవరూ తప్పుపట్టరు. అలిగినవాడు ముందు అన్నం ఉన్నా తినలేడు, ఎందుకంటే తినడానికి మనసు లేదు, తప్పు అతనిదే. పాపి చేతకానితనం రెండోది. అందుకే అతన్ని పిలవాలి, అతని మీద బాధ్యత ఉంది, మనసు మార్చడానికి మాత్రం దేవుడే కావాలి.

మూడో వారం ఏర్పాటు. ఎఫెసీ 1:3-14 ముందు చదవండి, అది స్తుతి. తర్వాత రోమా 8:28-39. ఆ తర్వాతే 9వ అధ్యాయం, అదీ 10, 11లతో కలిపి. 9:1-3లో పౌలు ఏడుపు, 10:14లో ప్రకటించేవాడు లేకుండా ఎలా వింటారన్న ప్రశ్న వదిలేసి 9:13 దగ్గర, ఏశావును ద్వేషించాడన్న మాట దగ్గర, గంట గడిపితే తరగతి చెడిపోతుంది. 9వ అధ్యాయంలోని మాట వ్యక్తుల గురించా, జనాంగాల గురించా అని మార్త గారి వైపు నుంచి ప్రశ్న వస్తుంది, దానికి పది నిమిషాలు ఉంచుకోండి.

నాలుగో వారం నిశ్చయత. యోహాను 10:27-29, ఫిలిప్పీ 1:6 ఒక పక్క, హెబ్రీ 6:4-6 ఇంకో పక్క. హెబ్రీ వచనాన్ని కాల్వినిస్టులు "వాళ్లు మొదటి నుంచీ నిజమైన విశ్వాసులు కారు" అంటారు, లేదా విశ్వాసులను నిలబెట్టే హెచ్చరిక అంటారు. ఆర్మీనియన్లు ఉన్నది ఉన్నట్టు తీసుకుంటారు. మూడూ చెప్పండి. 2 పేతురు 1:10 మీద రెండు వైపులా గొడవ లేదు: పిలుపును, ఏర్పాటును నిశ్చయం చేసుకోవడానికి మరింత జాగ్రత్తపడాలి. ముందున్న 5 నుంచి 7 వచనాల్లో ఆ జాగ్రత్త ఏమిటో వరసగా ఉంది.

తెనాలి_మార్త:
లూకా అన్నయ్య చెప్పిన క్రమం బాగుంది. నాలుగో వారానికి ఒక మాట. "ఒకసారి రక్షణ పొందితే పోదు" అన్న మాటను, కూడికలో చేయి ఎత్తి ప్రార్థన చెప్పినవారందరికీ పంచేస్తున్నారు. కాల్వినిస్టుల 1689 ప్రకటన అలా అనదు. 17వ అధ్యాయం చివరి వరకు నిలిచి ఉండేవారి గురించి మాట్లాడుతుంది. పడిపోయిన విశ్వాసి దేవుని కోపానికి గురవుతాడని, ఆత్మను దుఃఖపెడతాడని కూడా అదే అధ్యాయంలో ఉంది. చేయి ఎత్తిన తేదీ చూపించి జీవితాన్ని చూపించలేనివాడికి ఆ మాట ధైర్యంగా ఇవ్వకూడదు.

పటమట_చదువరి:
ఇంకొక్క ప్రశ్న. బాప్తిస్మ తరగతిలో ఒకరు "నేను ఏర్పరచబడ్డానో లేదో తెలిశాకే నీళ్లలోకి దిగుతాను" అంటున్నారు. ఇంకొందరికి ఆగే ఓపిక లేదు, చెరసాల అధికారి అదే రాత్రి పొందాడు కదా అంటున్నారు.

బ్రాడీపేట_బెరయ:
మొదటివారికి కార్యములు 16:30-34 చాలు. అతను ఏం చేయాలని అడిగితే పౌలు ప్రభువైన యేసునందు విశ్వాసముంచు అన్నాడు, నీవు ఏర్పరచబడ్డావో చూసుకో అనలేదు. 1689 ప్రకటన 3వ అధ్యాయం చివరి పేరా ఈ బోధను ఎంతో జాగ్రత్తగా వాడమంటుంది, తమ పిలుపు నిశ్చయత నుంచే ఏర్పాటు నిశ్చయతకు రావాలంటుంది. విశ్వాసం, మారుమనస్సు ఉన్నాయా అన్నదే ఆయనను అడగండి. ఉంటే ఇక ఆపడానికి కారణం లేదు.

రెండోవారికి మన పక్క జిల్లా చరిత్రే ఉంది. 1876-78 కరవులో ఒంగోలు మిషనరీ క్లౌ దొర బకింగ్‌హాం కాలువ తవ్వకంలో మూడున్నర మైళ్లు కాంట్రాక్టు తీసుకుని ఆకలితో ఉన్నవారికి పని ఇచ్చాడు. ఆ రోజుల్లో వేలమంది బాప్తిస్మం అడిగినా దాదాపు 15 నెలలు ఎవరికీ ఇవ్వలేదు. కూలి డబ్బు కోసం వస్తున్నారా, ప్రభువు కోసం వస్తున్నారా అన్నది తేలాలి కదా. సాయం ఆగిపోయాక కూడా వచ్చినవారికే ఇచ్చారు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది పొందారు. చెరసాల అధికారికి ఆ రాత్రి బాప్తిస్మం వల్ల వచ్చే లాభమేమీ లేదు, పోయేదే ఎక్కువ. ఎంతకాలం ఆపాలన్నది నెలల లెక్కతో తేల్చకండి. ఆ మనిషికి బాప్తిస్మం వల్ల పెళ్లి కుదరడమో, ఉద్యోగమో, ఇల్లో దొరికేలా ఉంటే ఆగి చూడండి. అలాంటిది లేకపోతే, విశ్వాసం ఒప్పుకున్నాక వచ్చే బల్ల ఆరాధన (ప్రభురాత్రి భోజనం) దాటనివ్వకండి.